సువార్త సభల జనం ఓట్లుగా ఎందుకు మారలేదు

సీమ గడ్డ మీద నుంచి – చరిత్ర ధారావాహిక, 17వ భాగం

2022 నవంబర్ 6న మునుగోడు ఉపఎన్నిక ఓట్ల లెక్కింపు జరిగింది. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి 10 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. బరిలో 47 మంది ఉన్న ఆ ఎన్నికలో ప్రజాశాంతి పార్టీ అధ్యక్షుడు కె.ఎ. పాల్‌కు పడినవి 805 ఓట్లు.

ఆ అంకె చూసి తెలంగాణ నవ్వుకుంది. ఇక్కడ కర్నూలు జిల్లా కోసిగిలో, బస్టాండు పక్క టీ కొట్ల దగ్గర కూడా ఆయన వీడియోలు పెట్టుకుని నవ్వేవాళ్లు కనబడతారు. నాకు మాత్రం ఆ అంకెలో నవ్వుకంటే పెద్ద ప్రశ్న కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ మనిషి సభ పెడితే మైదానాలు చాలేవి కావు. ఖండాలు దాటి అధ్యక్షుల పక్కన నిలబడి ప్రార్థించారు. అంత జనం ఎక్కడికి పోయింది? అదే కాలంలో బ్రెజిల్‌లో ఇలాంటి బోధకుడే ఒకడు సెనేటర్ అయ్యాడు, మంత్రి అయ్యాడు, రియో డి జనీరో నగరానికి మేయర్ అయ్యాడు. మన పాస్టరుకు ఓట్లు ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే ఆయన మాటతీరును కాసేపు పక్కనపెట్టి, మన ఊళ్లను, మన చట్టాన్ని చూడాలి.

ముందు ఆయన కథ. చిట్టివలస భీమునిపట్నం దగ్గర జనపనార మిల్లు ఉన్న ఊరు. 1963 సెప్టెంబర్ 25న కిలారి ఆనంద్ పాల్ అక్కడే పుట్టారు. ఆయన పసితనంలోనే తల్లిదండ్రులు క్రైస్తవంలోకి వచ్చారు. యవ్వనంలోనే ఆయన సువార్త పనిలోకి దిగారు. 1990లు వచ్చేసరికి అమెరికాలోని హ్యూస్టన్ కేంద్రంగా 'గాస్పెల్ టు ది అన్‌రీచ్డ్ మిలియన్స్' అనే సంస్థను నడిపారు. తర్వాత 'గ్లోబల్ పీస్ ఇనిషియేటివ్' పేరుతో శాంతి సభలు మొదలయ్యాయి. ఆఫ్రికాలో, ఆసియాలో, లాటిన్ అమెరికాలో ఆయన మాట్లాడారు. బాక్సింగ్ ప్రపంచ విజేత ఎవాండర్ హోలీఫీల్డ్ ఆయనకు అండగా నిలిచాడు. సేవాయాత్రల కోసం ఒక బోయింగ్ 747 విమానమే తిరిగింది. సంగారెడ్డి వైపు అనాథ పిల్లల కోసం 'చారిటీ సిటీ' వెలిసింది.

2003 ఆగస్టు నాటికి లైబీరియా రాజధాని మన్రోవియా తిరుగుబాటుదారుల ముట్టడిలో ఉంది. అధ్యక్షుడు చార్లెస్ టేలర్ దిగిపోవాలని అమెరికా, పశ్చిమాఫ్రికా దేశాలు ఒత్తిడి తెస్తున్నాయి. ఆ రోజుల్లో పాల్ అక్కడికి వెళ్లి టేలర్‌తో కలిసి ప్రార్థించారు, పదవి వదిలిపెట్టమని తానే నచ్చజెప్పానని చెప్పారు. ఆగస్టు 11న టేలర్ రాజీనామా చేసి నైజీరియా వెళ్లిపోయాడు. అందులో ప్రార్థన పాలెంత, ఫిరంగుల పాలెంత అన్నది వేరే చర్చ. చిట్టివలస మిల్లు వాడలో పెరిగిన తెలుగువాడు ఆ గదిలో ఉన్నాడన్నది మాత్రం నిజం. మరుసటి ఏడాది అమెరికా పత్రిక 'న్యూ రిపబ్లిక్' ఆయన మీద పెద్ద వ్యాసమే వేసింది.

2008లో ఆయన ప్రజాశాంతి పార్టీ పెట్టారు. అదే ఏడాది ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం ప్రకటించారు. జనాకర్షణ ఉన్నవాళ్లంతా పార్టీ పెట్టాలనుకున్న కాలం అది. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ ఉదాహరణ అందరి కళ్లముందూ ఉంది. చిరంజీవికి 2009లో 18 సీట్లు వచ్చాయి. పాల్ పార్టీకి అసెంబ్లీలో అడుగుపెట్టే వీలే దొరకలేదు. 2019లో హెలికాప్టర్ గుర్తు మీద నరసాపురం లోక్‌సభకు నిలబడ్డారు. ఆ గుర్తు రెక్కలు తమ ఫ్యాను గుర్తును పోలి ఉన్నాయని వైఎస్సార్ కాంగ్రెస్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. ఓట్ల లెక్కింపులో మాత్రం ఆయనకు డిపాజిట్ దక్కలేదు. 2024లో విశాఖపట్నంలో స్టీల్‌ప్లాంటు ప్రైవేటీకరణను ఎదిరిస్తూ నిలబడ్డారు. టీడీపీ అభ్యర్థి ఎం. శ్రీభరత్ 5 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. పాల్‌కు అక్కడా అదే ఫలితం.

సువార్త సభ ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లకు ఈ ఫలితంలో కొంత భాగం ఆశ్చర్యం కలిగించదు. ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో మూడు రాత్రుల కూటాలు పెట్టాలంటే ముందు ఆ చుట్టుపట్ల పాస్టర్లంతా కలిసి కమిటీ వేసుకుంటారు. ఎవరి సంఘాన్ని వాళ్లు ఆటోల్లో, ట్రాక్టర్లలో తీసుకొస్తారు. కీర్తనలు, సాక్ష్యాలు, స్వస్థత ప్రార్థన, కానుక, తర్వాత ఆశీర్వాదం. వేదిక మీది దైవజనుడు ఎంత పెద్దవాడైనా ఆ జనం ఆయనది కాదు. నాలుగో రోజు పొద్దున ప్రతి విశ్వాసీ మళ్లీ తన అయ్యగారి దగ్గరికే వెళ్తాడు. బాప్తిస్మం ఇచ్చేది, పెళ్లి చేసేది, మట్టి చేసేటప్పుడు వాక్యం చదివేది ఆ అయ్యగారే. ఆ అయ్యగార్లు సీఎస్ఐ, బాప్టిస్టు, లూథరన్, పెంతెకోస్తు, ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘాలు అంటూ వందల దారుల్లో ఉన్నారు. వాళ్లందరికీ ఫలానా గుర్తుకు ఓటేయించండి అని చెప్పగల పెద్ద ఎవరూ లేరు. పాల్ దగ్గర వేదిక ఉంది. సంఘాల పుస్తకం మాత్రం లేదు.

బ్రెజిల్‌లో ఆ పుస్తకం ఒకే చేతిలో ఉంది. 1977లో ఎడిర్ మసెడో అనే బోధకుడు రియోలో ఒక పాత అంత్యక్రియల దుకాణంలో 'దేవుని రాజ్య సార్వత్రిక సంఘం' మొదలుపెట్టాడు. 1989లో రికార్డ్ టెలివిజన్ సంస్థనే కొన్నాడు. ఎక్కడ గుడి పెట్టాలో, ఏ పాస్టరును ఏ ఊరికి మార్చాలో నిర్ణయం పైనుంచే వస్తుంది. ఆయన మేనల్లుడు మార్సెలో క్రివెల్లా. చదువుకు సివిల్ ఇంజనీరు, వృత్తికి బిషప్పు, భక్తిపాటల గాయకుడు. 1990లలో చాలాకాలం ఆఫ్రికాలో సంఘం పని చేశాడు.

క్రివెల్లా కథలో మన మెట్టనేల వాళ్లు ఆగి చూడాల్సిన చోటు ఒకటుంది. తిరిగి వచ్చాక ఆయన తన పాటల సీడీల అమ్మకం డబ్బుతో బహియా రాష్ట్రంలోని ఇరెసే దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రం పెట్టించాడు. దాని పేరు నోవా కనా, అంటే కొత్త కనాను. ఇరెసే ఈశాన్య బ్రెజిల్ కరువు ప్రాంతంలో ఉంది. వాన నమ్మకం లేక జనం దక్షిణాది నగరాలకు వలస పోయే నేల అది. ఇజ్రాయెల్ కిబ్బుత్జ్‌ల పద్ధతిలో అక్కడ నీటి సాగు చేయించాడు, పిల్లలకు బడి పెట్టించాడు. 2002లో రియో నుంచి సెనేట్‌కు పోటీ చేసినప్పుడు ఆ పచ్చటి పొలం ఆయన ప్రచారంలో ముందు నిలిచింది. రియో మురికివాడల్లో ఉండేవాళ్లలో ఆ కరువు నేల నుంచి వచ్చిన కుటుంబాలు లెక్కలేనన్ని. వాళ్లకు ఆ పొలం వాగ్దానంగా కాక, అయిన పనిగా కనిపించింది. క్రివెల్లా గెలిచాడు. 2012లో దిల్మా రౌసెఫ్ ప్రభుత్వంలో మత్స్యశాఖ మంత్రి అయ్యాడు. 2016లో 59 శాతం ఓట్లతో రియో మేయర్ అయ్యాడు. నగరాన్ని నడపడంలో జనం అసంతృప్తి మూటగట్టుకుని, 2020లో ఎదువార్దో పాయెస్ చేతిలో చిత్తుగా ఓడాడు. పదవీకాలం ఇంకా 9 రోజులుందనగా అవినీతి ఆరోపణలపై అరెస్టయ్యాడు. ఆ ఆరోపణలను ఆయన ఖండించాడు. 2022లో మళ్లీ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

అక్కడి ఎన్నికల పద్ధతి కూడా ఇలాంటివాళ్లకు కలిసొచ్చింది. దిగువ సభ ఎన్నికల్లో బ్రెజిల్‌లో రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం. రియో రాష్ట్రానికి 46 మంది, సావో పాలోకు 70 మంది. ఎక్కడెక్కడో చెదిరి ఉన్న విశ్వాసుల ఓట్లన్నీ రాష్ట్రం మొత్తంగా కలుస్తాయి. వందకు ఇద్దరు ముగ్గురు ఓటేసినా సీటు వస్తుంది. సార్వత్రిక సంఘం తన అభ్యర్థులకు ప్రాంతాలు పంచిపెట్టి, ఒకరి ఓటు ఇంకొకరికి పోకుండా చూసుకుంటుంది. పైగా అక్కడ ఓటు వేయడం చట్టరీత్యా తప్పనిసరి. 1986లో రాజ్యాంగ సభ ఎన్నికలప్పుడు, విశ్వాసి విశ్వాసికే ఓటేయాలన్న పిలుపు సంఘాల్లో మారుమోగింది, 30 మందికి పైగా గెలిచారు. 2022 జనాభా లెక్కల నాటికి బ్రెజిల్‌లో ఎవాంజెలికల్ క్రైస్తవులు 26.9 శాతం.

మన దగ్గర నియోజకవర్గానికి ఒక్కరే గెలుస్తారు. కోసిగి మండలంలో రెండు వేల ఓట్లు, గుంటూరులో పది వేలు, విశాఖలో పది వేలు ఉన్నా అవి ఎక్కడికక్కడే పోతాయి. దీనికితోడు ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని మరింత గట్టిగా బిగించింది. పాస్టరు రాజకీయాల్లోకి వస్తే, తనకు బాగా వచ్చిన భాషనే వేదిక కింద వదిలి ఎక్కాలి. ఇది మంచి చట్టమేనని నేను నమ్ముతాను. దాని బరువు ఎవరి మీద ఎలా పడుతుందో కూడా చూడాలి కదా.

అసలు విషయం దీనికంటే లోతుగా ఉంది. దానికి గత భాగంలో చెప్పుకున్న ధాత కరువు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. 1876–78 నాటి ఆ కరువులో ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. కోసిగి మీదుగా రాయచూరు రైలు పడి అప్పటికి కొన్నేళ్లే. బళ్లారిలో లండన్ మిషన్ 1810 నుంచీ పనిచేస్తోంది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు కరువు మొదలైన 1876లోనే కాలుమోపారు. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తెలుగునాట సంఘం పుట్టిందే మాల, మాదిగ పల్లెల్లో. అక్కడి పాస్టరు వాక్యం చెప్పేవాడే కాదు, దరఖాస్తు రాసేవాడు, తాసీల్దారు ముందు నిలబడేవాడు, బడి పెట్టేవాడు. రాజకీయం అనే పేరు లేకుండానే ఆ పని నాయకత్వం.

ఆ నాయకత్వం చట్టసభ వరకు వెళ్లే దారి ఒకప్పుడు ఉండేది. 1935 చట్టం కింద మద్రాసు అసెంబ్లీలో భారతీయ క్రైస్తవులకు 8 సీట్లు విడిగా కేటాయించారు. ఆ విడి సీట్లు వద్దని గట్టిగా వాదించినవాళ్లలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. 1912 డిసెంబర్‌లో కలకత్తాలో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. 1920ల మొదట్లో నంద్యాల వైపు మిషన్ సంఘాలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి. క్రైస్తవులను విడిగా కంచె వేసి లెక్కబెడితే పొరుగువాళ్లతో బంధం తెగుతుందని ఆయన భయం. 1949 మేలో రాజ్యాంగ సభ మతపరమైన మైనారిటీల రిజర్వేషన్లను వదిలేసినప్పుడు, జెస్యూట్ గురువు జెరోమ్ డిసౌజా వంటి క్రైస్తవ సభ్యులు దాన్ని సమర్థించారు. అదే సభలో ఖాసీ కొండల పాస్టరు జె.జె.ఎం. నికొల్స్ రాయ్ కూడా ఉన్నారు. గిరిజనుల స్వపరిపాలనకు పునాది వేసిన ఆరో షెడ్యూలు వెనుక ఆయన పట్టుదల ఉంది. మన దేశంలో పాస్టరు రాజకీయంలో సాధించిన పనుల్లో అంతకంటే పెద్దది నాకు కనిపించదు. అక్కడ ఆయన ప్రజల తెగ, భాష, సంఘం ఒకే నేల మీద కలిసి ఉన్నాయి. కొండల మీద అది కుదిరింది.

రిజర్వేషన్ వద్దన్న క్రైస్తవ పెద్దల ఉదార హృదయానికి మరుసటి ఏడాదే గట్టి దెబ్బ తగిలింది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం అవలంబించేవాళ్లు షెడ్యూల్డు కులాల కిందికి రారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే మిగిలారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్లిన దళితులకు బీసీ–సి కింద 1 శాతం ఇచ్చారు. ఎస్సీ హాస్టలు సీటు, ఎస్సీ ఉద్యోగం, ఎస్సీ కార్పొరేషన్ రుణం, అట్రాసిటీ చట్టం రక్షణ, అన్నీ ఆ ఒక్క సర్టిఫికెట్ మీద ఆధారపడ్డాయి. మాల, మాదిగల గేరిలో చర్చి ఉంటుంది, ఆదివారం ఆరాధన ఉంటుంది, కాగితం మీద మాత్రం హిందూ మాల, హిందూ మాదిగ. పిల్లవాడి బడి రిజిస్టరు దగ్గరే తల్లి ఈ నిర్ణయం తీసుకుంటుంది. కూలి తల్లి బిడ్డకు భవిష్యత్తు కావాలనుకోవడాన్ని మోసం అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. పొలంలో, హోటల్లో, శ్మశానంలో ఆమెను కులం వదిలిపెట్టలేదు. కాగితం మాత్రం వదిలిపెట్టమంది.

జనాభా లెక్కలు దీనికి సాక్ష్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 18 లక్షల పైచిలుకు, అంటే 4.19 శాతం. 2011 నాటికి 11 లక్షల పైచిలుకు, 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో ఊరూరా చర్చిలు పెరిగాయని కళ్లున్న ఎవరైనా చెబుతారు. మనుషులు పోలేదు, లెక్కలోంచి తప్పుకున్నారు. తమ విశ్వాసాన్ని రికార్డులో దాచుకోవాల్సిన జనాన్ని, క్రైస్తవులుగా ఒక జెండా కిందికి రమ్మని ఏ పాస్టరు పిలిచినా వాళ్లు ఎలా వస్తారు? కర్నూలు జిల్లా కోడుమూరు, నంద్యాల జిల్లా నందికొట్కూరు ఎస్సీ రిజర్వుడు సీట్లు. అక్కడ నామినేషన్ వేసే అభ్యర్థి చర్చికి వెళ్తాడన్న ఫొటో దొరికినా చాలు, ప్రత్యర్థి కోర్టుకెక్కుతాడు. పాస్టరుగా పేరుపడ్డ దళితుడు తన సొంత జనానికి కేటాయించిన సీటులోనే పోటీ చేయలేడు.

సీమ నుంచి క్రైస్తవుడు ముఖ్యమంత్రి కాలేదా అని అడగవచ్చు. అయ్యారు, గట్టిగానే అయ్యారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగులో పుట్టి, అక్కడే లండన్ మిషన్ కట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో కొంతకాలం డాక్టరుగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరిట ధర్మాసుపత్రి పెట్టారు. 1978లో ఎమ్మెల్యే అయ్యారు. 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా 1,400 కిలోమీటర్లకు పైగా నడిచి, మరుసటి ఏడాది అధికారంలోకి వచ్చారు. జనం ఓటేసింది డాక్టరుకు, రెడ్డికి, కరెంటు ఉచితమన్న మాటకు. ఆయన ఏ దేవుణ్ని కొలుస్తాడన్నది వాళ్లకు రెండో సంగతి. కడప, కర్నూలు ఊళ్లలో నాయకత్వం ఇంటి పేరుతో, భూమితో, ఆపదకు నిలబడ్డ మనిషితో నడుస్తుంది. కోసిగి చుట్టుపట్ల సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయేవాళ్లను చూస్తే ఇది తెలుస్తుంది. మిరపకోతలకు గుంటూరు వైపు, పత్తికి తెలంగాణ వైపు కుటుంబాలు కదిలిపోతాయి. గేరి సగం ఖాళీ, సంఘమూ సగమే. పోలింగు నాటికి వాళ్లను వెనక్కి రప్పించే బండి పెట్టేది ఊళ్లోని పార్టీ పెద్దమనిషి. ఆ బండి ఎక్కినవాళ్ల ఓటు ఎటు పోతుందో సువార్త సభ వేదిక నుంచి నిర్ణయించలేరు.

పార్టీలకు పాస్టర్ల విలువ తెలియక కాదు. రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5 వేల గౌరవవేతనం మొదలుపెట్టింది. పాస్టర్లను పార్టీలు పలకరిస్తాయి, వేదికల మీద ప్రార్థన చేయిస్తాయి. టికెట్టు వేరేవాళ్లకు ఇస్తాయి.

2024 నవంబర్ 26న సుప్రీంకోర్టులో రెండు వేర్వేరు గదుల్లో రెండు విషయాలు తేలాయి. కాగితపు బ్యాలెట్‌కు తిరిగి వెళ్లాలని కె.ఎ. పాల్ స్వయంగా నిలబడి వాదించిన పిటిషన్‌ను జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ పి.బి. వరాలె ధర్మాసనం కొట్టేసింది. ఓడినప్పుడే యంత్రాల్లో లోపం కనిపిస్తుందా అని అడిగింది. అదే రోజు ఇంకో ధర్మాసనం పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో తీర్పు చెప్పింది. చర్చికి వెళ్తూ, విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగానికి మోసమని అంది. పత్రికల్లో మొదటిదానికి పెద్ద అక్షరాలు దక్కాయి. మన గేరుల్లోని లక్షల కుటుంబాలను తాకేది రెండోది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు చేయలేడని తేల్చింది.

దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని రాష్ట్ర అసెంబ్లీ 2023 మార్చి 24న తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. అంతకుముందే, 2022 అక్టోబర్‌లో, కేంద్రం సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. రెండేళ్లలో నివేదిక ఇవ్వాలంది, తర్వాత గడువు పొడిగించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా మారితే పాస్టర్లు పార్టీలు పెట్టి గెలుస్తారని నేను అనను. తమ సంఘం పేరు, తమ కులం పేరు ఒకే కాగితం మీద భయం లేకుండా రాసుకున్నాక, వాళ్లు ఎవరికి ఓటేస్తారన్నది వాళ్ల ఇష్టం.

(వచ్చే భాగం: పెద్దపాడు నుంచి ముఖ్యమంత్రి పీఠం దాకా – దామోదరం సంజీవయ్య)